గుర్రానికి జ్వరమొస్తే చెప్పుకోనిద్దాం

(స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తలా ఒకరు తమ వృత్తి గురించి పదిహేను నిమిషాలు మాట్లాడాలని సంఘం వాళ్ళు అన్నారు. నేను పశువైద్యుణ్ణి. ఆవుల గురించో గేదెల గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. నేను గుర్రాల గురించి చెబుదామని వచ్చాను. గౌడవెల్లిలో చదువుకున్న మనకు చిన్నప్పుడు తెలిసిన గుర్రమల్లా చెరువులో పెరిగే గుర్రపుడెక్క ఒక్కటే. అసలు గుర్రాన్ని నేను దగ్గర నుంచి చూసింది రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో చేరాకనే. దాని వెనక కాలి దెబ్బ రుచి చూసింది కూడా అక్కడే.

ఇప్పుడు సంగతి మారింది. సుచిత్ర నుంచి మేడ్చల్ దాకా రోడ్డుకు రెండు పక్కలా ఫంక్షన్ హాళ్ళు. ముహూర్తాల రోజుల్లో సాయంత్రం ఏ హాలు ముందు చూసినా బ్యాండు, లైట్లు, వాటి మధ్య పూలదండలు వేసుకున్న పెళ్ళిగుర్రం. శామీర్‌పేట వైపు పోతే పిల్లలకు స్వారీ నేర్పేవాళ్ళు కనిపిస్తారు. మలక్‌పేటలో రేసు గుర్రాలు ఉండనే ఉన్నాయి. మన ఇళ్ళ చుట్టుపక్కల గుర్రాలు పెరిగాయి. వాటి జబ్బుల గురించి మనకు తెలిసింది మాత్రం పెరగలేదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. అందులో తప్పు నాదే.

సుమారు ఇరవై ఏళ్ళ కిందటి మాట. మాఘమాసం, ముహూర్తాలు దండిగా ఉన్నాయి. నేను చూసే గ్రామాల్లో పెళ్ళిగుర్రాలు పెట్టుకున్న ఒక ముసలాయన ఉండేవాడు. ఊరంతా చాచా అని పిలిచేది, నేనూ అట్లే పిలిచేవాణ్ణి. ఆయనకు మూడు ఆడగుర్రాలు, ఏడాది దాటిన ఒక మగపిల్ల. గిరాకీ బాగుందని ఒక సంతలో నాలుగో గుర్రాన్ని కొనుక్కొచ్చి, ఉన్నవాటి పక్కనే కట్టేశాడు. నీళ్ళకు అన్నింటికీ ఒకటే తొట్టి. వారం తిరగకముందే కొత్త గుర్రం మేత మానేసింది. ముక్కు వెంట చీమిడి, దవడల కింద గడ్డలు. చాచా ఎవరికీ చెప్పలేదు. చీమిడి తుడిచి, మెడ చుట్టూ జరీగుడ్డ కట్టి, ఆ రాత్రి బరాత్‌కు పంపాడు. అక్కడ ఇంకొకరి గుర్రం కూడా వచ్చింది. రెండింటినీ ఒకే చెట్టుకు కట్టి, ఒకే బకెట్‌తో నీళ్ళు పెట్టారు.

నన్ను పిలిచేసరికి చాచా కొట్టంలో మూడింటికి జ్వరం. ఆ జబ్బును స్ట్రాంగిల్స్ అంటారు. ఒక రకం బాక్టీరియా వల్ల వస్తుంది. గొంతు దగ్గరి గ్రంథులు చీము పట్టి ఉబ్బుతాయి, ఒక్కోసారి ఊపిరి ఆడనివ్వవు. మన పశువుల గొంతువాపు వేరు, ఇది వేరు. నేను గడ్డలు చూశాను, చీము తీశాను, మందులు రాశాను, చేతులు కడుక్కున్నాను. అక్కడి నుంచి అదే చొక్కాతో, అవే బూట్లతో, జేబులో అదే థర్మామీటరుతో ఇంకొక ఊరిలో ఇంకొకరి కొట్టానికి పోయాను. అక్కడ ఒక గుర్రానికి కాలు బెణికిందని పిలిచారు. చూసి వచ్చాను. పది రోజులకు ఆ కొట్టంలోనూ గడ్డలు లేచాయి. వాళ్ళు కొత్త గుర్రాన్ని కొనలేదు, ఏ బరాత్‌కూ పంపలేదు. జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని వాళ్ళు నన్నే అడిగారు. నాకు జవాబు తెలుసు. నోరు పెగల్లేదు.

పెద్ద గుర్రాలన్నీ కోలుకున్నాయి. చాచా దగ్గరి మగపిల్ల మాత్రం గొంతు మూసుకుపోయి ఒక తెల్లవారుజామున చనిపోయింది. ముందే ఎందుకు చెప్పలేదని నేను కోపంగా అడిగాను. ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "చెప్తే ఏమైతది సార్? గుర్రాన్ని బయటికి తీయొద్దంటరు. అడ్వాన్సులు వాపస్ ఇయ్యాలె. ఈ ముహూర్తాలు పోతే మళ్ళ మంచి రోజులు వచ్చేదాక ఏం తిని బతకాలె?"

ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంది. అయితే ముందు జబ్బు ఎట్లా పాకుతుందో చెప్పాలి.

గుర్రాల అంటువ్యాధులకు ముఖ్యంగా నాలుగు దారులు. మొదటిది ముక్కు. రెండు గుర్రాలు కలిస్తే ముక్కులు ఆనించి పలకరించుకుంటాయి. ఫ్లూ ఉన్న గుర్రం దగ్గితే తుంపర్లు దూరం దాకా పోతాయి. రెండోది నీళ్ళు, దాణా. తొట్టిలో మూతి పెట్టిన ప్రతిసారీ చీమిడి అందులో కలుస్తుంది. మూడోది మనం. మన చేతులు, బట్టలు, బూట్లు, కళ్ళెం, జీను కింది గుడ్డ, ఒళ్ళు తోమే బ్రష్షు. నాలుగోది ఈగలు, దోమలు.

ఈ నాలుగో దారి గురించి మన ప్రాంతం వాళ్ళం గర్వంగా చెప్పుకోవచ్చు. మలేరియాను దోమ మోస్తుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. అంతకు 17 ఏళ్ళ ముందే, 1880లో, పంజాబ్ వైపు గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు జబ్బుపడ్డ గుర్రాల, ఒంటెల రక్తంలో ఈదులాడే సూక్ష్మజీవిని చూశాడు. అదే సర్రా వ్యాధి. జోరీగ ఒక పశువును కుట్టి, అది తోకతో విసిరితే లేచి, నెత్తురు అంటిన మూతితోనే పక్కదాన్ని కుడుతుంది. జబ్బు అట్లా పాకుతుంది. గేదెల్లో, ఆవుల్లో ఈ సర్రా పైకి కనిపించకుండా దాగి ఉండగలదు. గుర్రంలో మాత్రం విడిచి విడిచి జ్వరం, రక్తహీనత, కాళ్ళ వాపులు వచ్చి, వైద్యం అందకపోతే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని వానాకాలంలో గుర్రాన్ని గేదెల కొట్టంలో కట్టకండి. పేడకుప్ప దూరంగా ఉండాలి. నీళ్ళు నిలవకూడదు.

ఇక ఎంత వేగంగా పాకుతుందో చూడండి. 1872లో కెనడాలోని టొరంటో దగ్గర గుర్రాలకు ఫ్లూ మొదలైంది. కొన్ని నెలల్లోనే ఉత్తర అమెరికా అంతా పాకింది. అప్పట్లో బండ్లు, ట్రాములు, సరుకులు అన్నీ గుర్రాల మీదే. ఆ నవంబరులో బోస్టన్ నగరం తగలబడితే, ఫైరింజన్లు లాగే గుర్రాలు జబ్బుపడి ఉన్నందున మనుషులే వాటిని తాళ్ళతో లాక్కుపోవలసి వచ్చింది.

అది పాతకాలం కదా అంటారేమో. 2007లో ఆస్ట్రేలియాలో ఏమైందో చెబుతాను. గుర్రాల ఫ్లూ ఎన్నడూ ఎరగని దేశం అది. విదేశం నుంచి వచ్చిన గుర్రాలను క్వారంటైన్ కేంద్రంలోనే ఉంచారు. అయినా జబ్బు బయటపడింది. వేల చోట్లకు పాకింది, సిడ్నీలో రేసులు ఆగిపోయాయి. మాజీ న్యాయమూర్తి ఒకరు విచారణ జరిపారు. ఆ కేంద్రంలోకి వచ్చిపోయే మనుషులు స్నానం చేసి బట్టలు మార్చుకోవడం లాంటి నియమాలు సరిగా అమలు కాలేదని, మనుషుల మీదనో సామాన్ల మీదనో వైరస్ బయటికి వచ్చి ఉంటుందని తేల్చారు. అది చదివిన రోజు నాకు నా చొక్కా, నా జేబులోని థర్మామీటరు గుర్తొచ్చాయి. అంత పెద్ద దేశపు కోట గోడకు పడ్డ కంత, నా చిన్న కొట్టానికి పడ్డ కంత, రెండూ ఒకటే. అయితే అదే ఆస్ట్రేలియా గుర్రాలను ఎక్కడివక్కడ ఆపి, చుట్టూ టీకాలు వేసి, ఆ ఏడాది చివరికల్లా జబ్బును అదుపు చేసి, తర్వాత పూర్తిగా వదిలించుకుంది.

ఆ మరుసటి ఏడాది, 2008లో, మన దేశంలోనూ ఫ్లూ వచ్చింది. మొదట బయటపడింది జమ్మూ దగ్గర కట్రాలో. వైష్ణోదేవి యాత్రికులను మోసే కంచరగాడిదల్లో, గుర్రాల్లో. అక్కడి నుంచి పలు రాష్ట్రాలకు పాకింది. గుర్రం తనంత తానుగా రాష్ట్రం దాటదు. లారీ ఎక్కించి మనమే దాటిస్తాం. 2025 వేసవిలో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్‌కు తరలించిన 57 గుర్రాల వార్త మీలో కొందరు చదివే ఉంటారు. వాటిలో కొన్ని చనిపోతే, గ్లాండర్స్ ఏమోనని రక్తం నమూనాలు హర్యానాలోని హిసార్‌కు పంపారు. జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉన్నది అక్కడే.

ఈ గ్లాండర్స్ మాట వింటే పశువైద్యులం ఎందుకు ఉలిక్కిపడతామో చెప్పాలి. గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదలకు వచ్చే జబ్బు ఇది. ముక్కులో పుండ్లు, జిగట చీమిడి, చర్మం కింద గడ్డలు, పగిలే పుండ్లు. మనుషులకూ అంటుతుంది, ప్రాణాలు తీయగలదు. టీకా లేదు. జబ్బు తేలిన గుర్రానికి వైద్యం చేయరు. నొప్పి తెలియకుండా ప్రాణం తీసి, లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడుస్తారు. దీనికోసమే 1899లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టం చేసింది. మనకు దగ్గరలోని బొల్లారం హైదరాబాద్ కంటింజెంట్ సైన్యానికి కేంద్రంగా ఉన్న కాలం అది. అశ్వదళానికి జబ్బంటే దళం కదలలేకపోవడమే. ఆ చట్టం స్థానంలో ఇప్పుడున్నది 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం. దాని ప్రకారం, పశువుకు అట్లాంటి జబ్బు ఉందని అనుమానం వస్తే యజమాని ఊరి అధికారికో పంచాయతీకో చెప్పాలి. వాళ్ళు పశువైద్యుడికి చెప్పాలి. అనుమానం ఉన్నదాన్ని మందలో నుంచి వేరు చేయాలి.

గుర్రం పెట్టుకున్నవాళ్ళు చేయవలసినవి ఐదు పనులు. ఏదీ పెద్ద ఖర్చుతో కూడింది కాదు.

ఒకటి, కొత్తగా వచ్చిన గుర్రాన్ని మూడు వారాలు వేరుగా ఉంచండి. సంతకో పెళ్ళికో పోయి, అక్కడ వేరే జబ్బు గుర్రంతో కలిసి వచ్చిందని తెలిస్తే దాన్నీ అట్లే ఉంచండి. మన ఇళ్ళలో పురుడు పోసుకుంటే ఇరవై ఒక్క రోజులు బాలింతను, బిడ్డను వేరే గదిలో ఉంచి, రాకపోకలు తగ్గిస్తాం కదా. ఆ లెక్కే.

రెండు, రోజూ పొద్దున, సాయంత్రం జ్వరం చూడండి. పెద్ద గుర్రానికి మామూలుగా 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 101.5 దాటితే అనుమానించండి. స్ట్రాంగిల్స్‌లో ముందు జ్వరం వస్తుంది, జబ్బు పక్కవాటికి అంటించే దశ ఒకటి రెండు రోజుల తర్వాత మొదలవుతుంది. ఆ ఒకటి రెండు రోజులే మనకు దొరికే గడువు. ముహూర్తాలు చూసే గోడ క్యాలెండర్ మీదే ఆ అంకె కూడా రాసుకోండి. ఒక్కో గుర్రానికి ఒక్కో థర్మామీటరు పెట్టుకుంటే మరీ మంచిది.

మూడు, బకెట్టు, దాణా గమేళా, కళ్ళెం, బ్రష్షు దేనివి దానికే. గుర్తు కోసం రంగు పూయండి. నీళ్ళ పైపు మూతిని బకెట్లో ముంచకండి. ఒక బకెట్లో తడిసిన మూతి అన్ని బకెట్లలోకీ జబ్బును తీసుకుపోతుంది.

నాలుగు, పని వరుస. ముందు ఆరోగ్యంగా ఉన్నవాటి పని, తర్వాత కొత్తవాటి పని, చివర జబ్బువాటి పని. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడిగి, బట్టలు, బూట్లు మార్చకుండా మళ్ళీ మొదటివాటి దగ్గరికి పోకూడదు. ఈ నియమం సైసుకు ఎంతో, డాక్టరుకూ అంతే. మా కుర్ర డాక్టర్లకు నేను మొదట చెప్పేది ఇదే.

ఐదు, కడిగాకే మందు. పేడ, చీమిడి మీద ఫినాయిలో బ్లీచింగో చల్లితే పని చేయదు. ముందు సబ్బునీళ్ళతో రుద్ది కడిగి, ఆరబెట్టి, అప్పుడు మందు వాడాలి. ఎండను కూడా వాడుకోండి. ఆ విషయంలో మనకు కరువు లేదు.

ఇంకొక హెచ్చరిక. స్ట్రాంగిల్స్ తగ్గి నున్నగా తయారైన గుర్రాల్లో కొన్ని, గొంతు లోపలి సంచుల్లో ఆ సూక్ష్మజీవిని నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి మోస్తాయి. చాచా కొన్న గుర్రానికి సంతలో అట్లాంటిదాని నుంచే జబ్బు అంటి ఉండవచ్చు. అందుకే తగ్గింది కదా అని వెంటనే కలిపేయకుండా, డాక్టరుతో పరీక్ష చేయించండి.

ఇక చాచా ప్రశ్నకు వస్తాను. ఈ ఐదూ ఆయనకు తెలియక కాదు. కొత్త గుర్రాన్ని విడిగా కట్టాలని ఆయన తాతల నాటి నుంచీ వాళ్ళకు తెలుసు. కానీ మూడు వారాలు గుర్రాన్ని కూర్చోబెడితే మేత ఖర్చు ఆయనది, పోయిన గిరాకీ ఆయనది, తిరిగివ్వాల్సిన అడ్వాన్సు ఆయనది. జబ్బు ఆగితే లాభం మాత్రం అందరిదీ. నష్టమంతా ఒకడి మీద వేసి నిజం చెప్పమంటే ఎవరు చెబుతారు?

ఇక్కడ మన బడి సంగతి ఒకటి గుర్తు చేస్తాను. మా తరగతి వాళ్ళు నవ్వుతున్నారు, వాళ్ళకు తెలుసు. ఆ రోజుల్లో ఏడాదంతా సెలవు పెట్టకుండా వచ్చినవాళ్ళకు బహుమతి ఇచ్చేవారు. దానికోసం ఒకడు ఒంటి మీద అమ్మవారు పోస్తుంటే పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని వచ్చి మా మధ్య కూర్చున్నాడు. వారం పది రోజులు దాటగానే బెంచీ బెంచీకి అమ్మవారు పోసింది. మా సారు వాణ్ణి కొట్టలేదు. ప్రార్థన దగ్గర నిలబడి, "అమ్మవారు పోసినా, గవదలు వచ్చినా ఇంట్ల చెప్పి ఇంటికాడనే ఉండుండ్రి. హాజరు నేను వేస్త, బహుమతి పోదు" అన్నారు. ఆ తర్వాత దాచినవాడు లేడు. నేను అంటువ్యాధుల మీద చదివిన పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ రోజు సారు చేసినంత చక్కని పని వాటిలో అరుదుగా చూశాను.

మనం చేయవలసింది కూడా అదే. మీలో చాలామంది పిల్లల పెళ్ళిళ్ళ వయసులో ఉన్నారు. గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడు దాని వయసు, రంగు అడిగినట్టే, గ్లాండర్స్ పరీక్ష ఎప్పుడు చేయించారని కూడా అడగండి. చేయించినవాడికి నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. బేరమాడేటప్పుడే ఒక మాట చెప్పండి: "గుర్రానికి జ్వరమొస్తే ముందురోజు ఫోన్ చెయ్. అడ్వాన్సు వాపస్ అడగం." పెళ్ళి ఖర్చులో అది ఒక స్వీటు తగ్గించినంత. పెళ్ళికొడుకు కారులో వచ్చినా పెళ్ళి ఆగదు. ముక్కు కారుతున్న గుర్రం వస్తే దాని మీద పిల్లలను ఎక్కించకండి, ఫొటోల కోసం మూతికి మూతి ఆనించకండి. మరుసటి రోజు పశువుల దవాఖానాకో, 1962 నంబరుకో ఫోన్ చేయించండి.

ఫంక్షన్ హాళ్ళు నడిపేవాళ్ళు కూడా మనలో ఉన్నారు. ఒకే రాత్రి రెండు బరాత్‌లు ఉంటే రెండు గుర్రాలను దూరదూరంగా కట్టే చోటు చూపించండి. నల్లా దగ్గర బకెట్లు విడివిడిగా పెట్టండి. ఆ రాత్రి అట్లా చేసి ఉంటే ఆ రెండో గుర్రానికి జబ్బు అంటే ప్రమాదం తగ్గేది.

చాచా ఇప్పుడు లేడు. ఆయన మనవడు గుర్రాలు నడుపుతున్నాడు. కిందటి ముహూర్తాలప్పుడు రాత్రి పది గంటలకు నాకు ఫోన్ చేశాడు. "సార్, ఒకదానికి నూట రెండు ఉన్నది. పక్కకు కట్టేసిన. రేపటి పెళ్ళోళ్ళకు చెప్పిన, వాళ్ళు సరే అన్నరు" అన్నాడు. పొద్దున పోయి చూశాను, మామూలు జ్వరమే, రెండు రోజుల్లో తగ్గింది. ఆ పెళ్ళివాళ్ళు ఎవరో నాకు తెలియదు. వాళ్ళు ఏ బడిలో చదువుకున్నారో గానీ, వాళ్ళకు కూడా మా సారులాంటి వారే చదువు చెప్పి ఉంటారు.

ఆ కొట్టంలోకి పోయేముందు నేను కారు డిక్కీలోని వేరే బూట్లు తీసి తొడుక్కున్నాను. మళ్ళీ బయటికి వచ్చాక విప్పి, కడిగి, సంచిలో పెట్టుకున్నాను.